హాజరు పిలుపు నుంచి వేలిముద్ర మిషను దాకా

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఇంతసేపూ మన పిల్లల ఆటపాటలు చూశాం. ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నాకు ఇష్టం లేదు. కానీ నిర్వాహకులు నాకిచ్చిన అంశం కాస్త బరువైనది. ‘ప్రభుత్వ నియమాలు, మన స్వేచ్ఛ, మన సొంత జీవితం’ గురించి మాట్లాడమన్నారు. కొత్త పదంలో చెప్పాలంటే గోప్యత, మీ భాషలో ప్రైవసీ. ఇది పట్నంలో చదువుకున్నవాళ్ల గొడవ కదా, మనకెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఈ దేశంలో ఈ మాట విలువ మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

ఆగస్టు నెలలో మనం గుర్తుపెట్టుకోవలసిన తేదీలు మూడున్నాయి. ఒకటి ఈ రోజు, ఆగస్టు 9. ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. రెండోది ఆగస్టు 31. 1952లో ఆ రోజున నేరస్థ జాతుల చట్టం దేశమంతటా రద్దయింది. అందుకే దాన్ని విముక్త దినం అంటాం. మూడోది ఆగస్టు 24. 2017లో ఆ రోజున సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. ఈ మూడు తేదీలకీ సంబంధం ఉంది. ఆ సంబంధమే నా ఈనాటి ప్రసంగం.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పనివ్వండి. మాది ఎరుకల కుటుంబం. మా నాయనమ్మ సెటిల్మెంటులో పుట్టి పెరిగిన మనిషి. ఆమె ముసలితనంలో మా దగ్గరే ఉండేది. రాత్రిపూట ఎవరైనా వీధిలో గట్టిగా పేరు పెట్టి పిలిస్తే చాలు, నిద్రలోనే ఉలిక్కిపడి లేచి కూర్చుని ‘హాజర్ దొరా’ అనేది. పిల్లలం నవ్వుకునేవాళ్లం. మళ్లీ మళ్లీ అనిపించేవాళ్లం కూడా. అందులో నవ్వవలసింది ఏమీ లేదని నాకు తెలిసేసరికి ఆమె లేదు.

ఆ ‘హాజర్’ వెనక ఒక చట్టం ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి, మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేసింది. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు అందులోనివే. ఆ చట్టం ప్రకారం ఒక కులాన్నో తెగనో ప్రభుత్వం నేరస్థ జాతిగా ప్రకటిస్తే, అందులో పుట్టినవాళ్ల పేర్లు రిజిస్టరులోకి ఎక్కించవచ్చు. వేలిముద్రలు తీసుకోవచ్చు. ఎక్కడ నివసిస్తున్నదీ, ఎప్పుడు ఊరు దాటేదీ చెప్పించవచ్చు. చెప్పిన వేళకు వచ్చి హాజరు పలకమనవచ్చు. ఒక్క నేరం రుజువు కానక్కరలేదు. పుట్టుకే రుజువు. స్టూవర్టుపురం, సీతానగరం, కావలి, సిద్ధాపురం సెటిల్మెంట్లు ఆ కాలంలో వచ్చినవే.

ఇంకో విషయం కూడా చూడండి. మన ఎరుకలవాళ్లు, లంబాడీలు అంతకుముందు చేసిన పని ఏమిటి? ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రపు ఒడ్డు నుంచి లోపలి ఊళ్లకు మోసేవారు. రైలు వచ్చి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసి ఆ వ్యాపారం దెబ్బతింది. తిరగడం వాళ్ల బతుకుదెరువు. ఆ తిరగడాన్నే చట్టం అనుమానంగా చూసింది. నిన్నటిదాకా ఊరికి ఉప్పు తెచ్చిన మనిషి, చీటీ లేకుండా ఊరు దాటితే నేరస్థుడైపోయాడు.

దీన్ని అందరూ తలవంచి ఒప్పుకోలేదు. మద్రాసు రాజధానిలోనే, మదురై దగ్గర పెరుంగామనల్లూరు అనే ఊరుంది. అక్కడి కళ్లర్లు వేలిముద్రలు ఇవ్వం అన్నారు. 1920 ఏప్రిల్ 3న పోలీసులు కాల్పులు జరిపారు. 16 మంది చనిపోయారు. అందులో ఒక స్త్రీ కూడా ఉంది. ఒక వేలిముద్ర కోసం. మనం ఇవాళ రోజుకు రెండుసార్లు ఫోను తెరవడానికి పెట్టే ఆ వేలే.

కొండల మీది సోదరులు, ఇది మైదానం కథ, మాకేం సంబంధం అనుకోవద్దు. 1879లో రంప తిరుగుబాటు ఎందుకు వచ్చిందో గుర్తు చేసుకోండి. ముఠాదార్ల తగువులు, మన్సబ్‌దారు దౌర్జన్యం ఉన్నాయి. కానీ మామూలు మనిషికి మంట పుట్టించింది కల్లు మీద ఆంక్ష. తన పెరట్లోని జీలుగు చెట్టు, తాను గీసుకునే కల్లు, తన ఇంట్లో తాగేది. దాని మీద పన్ను వేసి, హక్కు గుత్తేదారుకి అప్పగించారు. ప్రభుత్వం చెట్టు మీదికీ, కుండలోకీ తొంగిచూసింది. కారం తమ్మన్నదొర లాంటివాళ్లు లేచి నిలబడ్డారు. ఆ తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడుకీ, పశువుల మేతకీ, వంటచెరకుకీ అడ్డం వచ్చింది. 1922లో అల్లూరి వెంట గాం సోదరులు, మిగతా మన్యం వీరులు నడవడానికి ఆ ఆంక్షలు కూడా కారణం.

అంటే, మైదానంలో మన శరీరాన్ని లెక్కలోకి ఎక్కించారు. కొండల్లో మన ఇంటి గడపలోకి వచ్చారు. రెండుచోట్లా ఒకటే లోపం. మనల్ని అడగలేదు. ఎందుకో చెప్పలేదు. కాదనే దారి ఉంచలేదు.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. లేకపోతే నా మాటల్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. నియమం అనగానే శత్రువు అనుకోకండి. మనల్ని కాపాడినవి కూడా నియమాలే. 1/70 మాట మీ ఇళ్లలో వినే ఉంటారు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో చేసిన సవరణ అది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతిలోకి పోకూడదు అంటుంది. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. ఈ నిబంధన దృష్టిలో ప్రభుత్వం కూడా ఒక ‘వ్యక్తే’, కాబట్టి ప్రభుత్వం సైతం అక్కడి భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదు అంది. చూశారా, నియమం ప్రభుత్వం చేతులు కూడా కట్టింది.

మొన్న ఒక కుర్రాడు నన్ను నిలదీశాడు. ‘మాస్టారూ, నా భూమి నాదే కదా? నాకు నచ్చినవాడికి అమ్ముకునే స్వేచ్ఛ లేకపోతే అది నా స్వేచ్ఛని హరించడం కాదా? పక్క మండలంలో ఎకరా ధర ఎంత, నా ఎకరా ధర ఎంత?’ అన్నాడు. న్యాయమైన ప్రశ్న. దానికి నేను తేలిక జవాబు చెప్పలేదు. నిజమే, ఆ నియమం వల్ల నీకు కొంత నష్టం ఉంది. మంచి ధర రాదు, బ్యాంకు అప్పు కష్టం. కానీ ఆ నియమం ఎవరిని అడ్డుకోవడానికి వచ్చిందో చూడు. అప్పు పత్రం చేతిలో పెట్టుకుని వచ్చే షావుకారుని. అది లేకపోతే, అమ్ముకునే స్వేచ్ఛ ఒక్క రోజే ఉంటుంది. మర్నాటి నుంచి నీ పిల్లలకి భూమి ఉండదు. అతను పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోనక్కరలేదు కూడా. కానీ ఆ ప్రశ్న అడగగలిగాడు, జవాబు వినగలిగాడు. నియమం అంటే అలా వాదించుకోదగ్గదై ఉండాలి.

1996 పెసా చట్టాన్ని చూడండి. మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపాలా, అదుపు చేయాలా అన్న అధికారం షెడ్యూల్డు ప్రాంతంలో గ్రామసభకీ పంచాయతీకీ ఉండాలంది. వడ్డీ వ్యాపారం మీద అదుపు, చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు కూడా. 1879లో కల్లు మీద ఆంక్ష పై నుంచి వచ్చింది. పెసాలో అదే ఆంక్ష మన ఊరి చెట్టు కింద కూర్చుని మనమే పెట్టుకోవచ్చు. కల్లు అదే, ఆంక్ష అదే, కానీ ఒకటి అవమానం, ఇంకొకటి స్వపరిపాలన. 2006 అటవీ హక్కుల చట్టంలో కూడా హక్కుల దావా మొదలయ్యేది గ్రామసభలోనే.

ఇప్పుడు ఆగస్టు 24 దగ్గరికి వద్దాం. ఆ తీర్పుకి ముందు ఒక పాత కేసుంది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషి మీద దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలారు గానీ పోలీసులు అతని పేరు మీద చిట్టా తెరిచారు. రాత్రిపూట ఇంటికి వచ్చి తలుపు కొట్టి లేపి, ఉన్నాడా లేడా చూసుకునేవారు. మా నాయనమ్మ ‘హాజర్ దొరా’ గుర్తొస్తోందా? అతను సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1962లో కోర్టు ఆ రాత్రి తనిఖీలు చెల్లవంది. కానీ గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. ఒప్పుకోని న్యాయమూర్తుల పక్షాన తీర్పు రాసినాయన మన తెలుగువాడు, రాజమహేంద్రవరానికి చెందిన కోకా సుబ్బారావు గారు. తన ఇంట్లో తాను నిబ్బరంగా ఉండలేని మనిషికి స్వేచ్ఛ ఉందనడంలో అర్థం లేదని, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని ఆయన వాదన సారాంశం. యాభై ఐదేళ్ల తర్వాత, 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఆయన చెప్పిందే సరైనదన్నారు.

అయితే గోప్యత హద్దులేని హక్కు అని కూడా కోర్టు అనలేదు. ప్రభుత్వం మన జీవితంలోకి రావచ్చు, కానీ కొన్ని షరతుల మీద అంది. వాటిని నేను మన మాటల్లో నాలుగు ప్రశ్నలుగా మార్చి చెబుతాను. ఫోనులో రాసుకోండి.

ఒకటి, ఏ చట్టం ప్రకారం అడుగుతున్నారు? రెండు, ఎందుకోసం? మూడు, ఆ పనికి ఇంత కావాలా, తక్కువతో జరగదా? నాలుగు, తప్పు జరిగితే ఎవరిని అడగాలి, ఎవరు సరిచేస్తారు?

ఈ నాలుగూ పట్టుకుని నేరస్థ జాతుల చట్టాన్ని చూడండి. మొదటి ప్రశ్నకి జవాబుంది, అది చట్టమే. మిగతా మూడింటికీ లేదు. అందుకే చట్టం ఉంది కదా అని ఊరుకోకూడదు. 1/70ని చూడండి. నాలుగింటికీ జవాబు దొరుకుతుంది.

ఇక ఇవాళ్టి మన నిత్యజీవితానికి వద్దాం. మొదటి ఆధార్ సంఖ్య ఎక్కడ ఇచ్చారో తెలుసా? 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్ర నందుర్బార్ జిల్లాలోని టెంభ్లీ అనే ఆదివాసీ గ్రామంలో, ఒక ఆదివాసీ మహిళకి. అంటే ఈ పెద్ద లెక్క కూడా మన నుంచే మొదలైంది. ఉద్దేశం మంచిదే అని నేను ఒప్పుకుంటాను. మధ్యలో దళారి మింగకుండా బియ్యం మన ఇంటికి రావాలి. ఒకరి కార్డు మీద ఇంకొకరు తినకూడదు. ఆ మోసాలు మనకి జరిగినవే.

కానీ రేషన్ షాపులో ఏం జరుగుతోందో మీకు నాకంటే బాగా తెలుసు. అడ్డాకులు కుట్టి, చింతపండు కొట్టి, మట్టి తవ్వి అరిగిపోయిన అవ్వ వేలు మిషనుకి ఆనదు. ఒకసారి, రెండుసార్లు, పక్క వేలు, ఆ చెయ్యి కడుక్కుని రా, నూనె తుడుచుకుని రా. ఇంకోచోట వేలు బాగానే ఉంటుంది, సిగ్నలు ఉండదు. మిషను పట్టుకుని డీలరు గుట్ట ఎక్కుతాడు, వెనకాల ఊరంతా ఎక్కుతుంది. ఒక గూడెంలో నేను కళ్లారా చూశాను. గుట్ట ఎక్కలేని ఒక ముసలాయన కింద రాయి మీద కూర్చుని సాయంత్రం దాకా చూసి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఎవరినీ తిట్టలేదు. ‘నా వేలు చచ్చిపోయింది బాబూ’ అన్నాడు. ఆయన తప్పు తన వేలిదే అనుకున్నాడు. నన్ను ఇప్పటికీ బాధించేది ఆ మాటే.

ఆయనకి ఎవరూ చెప్పని సంగతి ఏమిటంటే, తప్పు ఆయన వేలిది కాదు. వేలిముద్ర పడలేదన్న ఒక్క కారణంతో అర్హుడికి రావలసింది ఆపకూడదు, వేరే విధంగా గుర్తింపు చూసుకుని ఇవ్వాలి అని కేంద్రం ఆదేశాలున్నాయి. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ చట్టాన్ని నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా నిలబెట్టింది. ప్రభుత్వ సబ్సిడీలకు ఆధార్ అడగవచ్చంది. అదే తీర్పులో బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదంది. బ్యాంకు ఖాతాకి, సిమ్‌కి తప్పనిసరి చేయడాన్ని కొట్టేసింది. తర్వాత 2019లో చట్టం సవరించి, మనం ఇష్టపూర్వకంగా ఇస్తే బ్యాంకు, సిమ్ కంపెనీ వాడుకోవచ్చన్నారు. ‘ఇష్టపూర్వకంగా’ అన్న మాట గుర్తుంచుకోండి. కౌంటరు దగ్గర ఆ మాట ఎవరూ మనకి చెప్పరు.

ఇప్పుడు ఇంకో ఉదాహరణ. ఇది మీ వయసువాళ్లకి నేరుగా తగిలేది. సికిల్ సెల్ రక్తహీనత మన తెగల్లో ఎక్కువ. 2023 జులై 1న కేంద్రం దాని నిర్మూలన కోసం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆదివాసీ ప్రాంతాల్లో నలభై ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం. ఇది మంచి పని. నేను మీ అందరినీ పరీక్ష చేయించుకోమనే చెబుతాను. ఇద్దరు వాహకులు, అంటే జబ్బు లేకుండా ఆ లక్షణాన్ని మాత్రం మోసేవాళ్లు పెళ్లి చేసుకుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అది ముందే తెలియడం ఎంతో మేలు.

కానీ నాకు తెలిసిన ఒక అమ్మాయి సంగతి వినండి. డిగ్రీ చదువుతోంది. ఊళ్లో పెట్టిన శిబిరంలో పరీక్ష చేయించుకుంది. ఫలితాలు వచ్చిన రోజు కార్డులు పంచుతూ, ఎవరికి ఏముందో అందరి ముందూ పేరు పెట్టి చదివారు. చదివినవాళ్లకి చెడు ఉద్దేశం లేదు. పని తొందరగా అయిపోవాలని చదివారు. ఆ అమ్మాయి వాహకురాలు మాత్రమే. వాహకులు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. కానీ ఊళ్లో మాట ‘ఆ పిల్లకి రక్తం జబ్బంట’ అని తిరిగింది. కుదిరిన సంబంధం పోయింది. అబ్బాయి పరీక్ష కూడా చేయించుకోలేదు. అతను వాహకుడు కాకపోతే వాళ్ల పిల్లలకి ఆ జబ్బు వచ్చే అవకాశమే లేదు. ఆ సంగతి విడమరచి చెప్పేవాళ్లు అక్కడ లేకపోయారు. ఇప్పుడు ఆ ఊళ్లో మిగతా ఆడపిల్లలు పరీక్ష అంటే వెనక్కి తగ్గుతున్నారు.

గోప్యత లేకపోతే ఏమవుతుందో దీన్ని మించిన ఉదాహరణ నా దగ్గర లేదు. ప్రభుత్వం చేసే మంచి పని కూడా చెడిపోతుంది. పరీక్ష ఫలితం ఆ అమ్మాయిది. డాక్టరు ఆమెకి పక్కకి పిలిచి చెప్పాలి. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఆమె నిర్ణయించుకోవాలి. రోగి సంగతి బయటపెట్టకూడదన్నది వైద్య వృత్తిలో మొదటి నుంచీ ఉన్న నియమం. కొత్తగా అడగవలసిన వరం కాదు.

‘మాస్టారూ, తప్పు చేయనివాడికి దాచుకోవడానికి ఏముంటుంది?’ అని అడుగుతారు కొందరు. చదువుకున్నవాళ్లు కూడా అడుగుతారు. ఆ అమ్మాయి ఏ తప్పు చేసింది? మా నాయనమ్మ ఏ తప్పు చేసింది? ఇంటికి తలుపు పెట్టుకునేది లోపల దొంగసొత్తు ఉందని కాదు. లోపల మన సంసారం ఉందని. మన ఇళ్లలో కూడా దేవుడి మూల ఒకటి ఉంటుంది, బయటివాళ్లు అక్కడికి రారు. అందులో నేరం ఏముంది?

ఇంకో చట్టం సంగతి కూడా తెలిసుండాలి. 2022లో క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం వచ్చింది. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో. అరెస్టయినవాళ్ల వేలిముద్రలు, అరచేయి, పాదముద్రలు, కంటిపాప ముద్రలు తీసుకోవచ్చు. ఆ రికార్డు 75 ఏళ్లు ఉంచవచ్చు. పాత శిక్ష లేనివాళ్లని కేసు నుంచి వదిలేస్తే ఆ రికార్డు చెరిపేయాలని కూడా అందులో ఉంది, కోర్టు వేరేలా చెబితే తప్ప. దీన్ని నేరస్థ జాతుల చట్టంతో సమానం అనను. అది పుట్టుకని బట్టి, ఇది కేసుని బట్టి. కానీ ఊళ్లో ఏ దొంగతనం జరిగినా ముందు ఎవరి పేటకి జీపు వస్తుందో మనకి తెలుసు. అందుకే కేసు కొట్టేసిన రోజున, రికార్డు చెరిపారా అని రాతపూర్వకంగా అడిగే అలవాటు మన వకీళ్లకీ మనకీ ఉండాలి.

2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. మన సమాచారం తీసుకునేవాళ్లు ఎందుకో చెప్పి, అనుమతి తీసుకోవాలంటుంది. మంచిదే. కానీ సబ్సిడీలు, పథకాల కోసం ప్రభుత్వం వాడుకునేటప్పుడు ఆ అనుమతి అక్కరలేదన్న వెసులుబాటు అందులోనే ఉంది. కొన్ని ప్రభుత్వ సంస్థలకి పూర్తి మినహాయింపు ఇచ్చే అధికారమూ ఉంది. పథకాల మీద ఎక్కువగా ఆధారపడేది ఎవరు? మనమే. కాబట్టి ఆ చట్టపు గొడుగు కింద అంచున నిలబడి తడిసేది కూడా మనమే. ఆ అంచుని లోపలికి జరపమని అడిగేవాళ్లు మీ తరంలో రావాలి. లాయర్లుగా, కంప్యూటరు చదివినవాళ్లుగా, సర్పంచులుగా.

అంతదాకా మన చేతిలో ఉన్న పనులు కొన్ని చెప్పి ముగిస్తాను.

మీ ఊళ్లో వేలు పడని ముసలివాళ్లు, వికలాంగులు ఎవరున్నారో యువజనులే ఒక జాబితా రాయండి. గ్రామసభలో తీర్మానం చేయించి తహసీల్దారుకి ఇవ్వండి. బియ్యం ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో కాగితం మీద రాయించుకోండి. రాయమన్నాక చాలామందికి ఇంకో దారి గుర్తొస్తుంది.

డబ్బు తీసేచోట జాగ్రత్త. ‘పడలేదు, ఇంకోసారి పెట్టు’ అని వేలు రెండుసార్లు పెట్టిస్తే రశీదు అడగండి. దస్తావేజుల మీది వేలిముద్రల నుంచి నకలు తయారుచేసి ఖాతాలు ఖాళీ చేసిన కేసులు మన తెలుగు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. ఫోను సంకేతపదం పోతే మార్చుకోవచ్చు. బొటనవేలు మార్చుకోలేం. ఆధార్ యాప్‌లో వేలిముద్రకి తాళం వేసుకునే సదుపాయం ఉంది. అయితే రేషన్ రోజున, పింఛను రోజున తాళం తీయాలి, మర్చిపోవద్దు. ఇంట్లో పెద్దవాళ్లకి మీరు దగ్గరుండి చేయండి, చెప్పి వదిలేయకండి. జెరాక్స్ షాపులో ఆధార్ కాపీ వదలకండి. మొదటి ఎనిమిది అంకెలు కనబడని కాపీ దించుకోవచ్చు, చాలాచోట్ల అది సరిపోతుంది. ఆధార్ సాయానికి 1947, సైబర్ మోసమైతే వెంటనే 1930.

చివరిది మన సంగతి. ప్రభుత్వాన్ని అడిగే ముందు మన చేతిలోని ఫోనుని కూడా అడగాలి. పూనకం వచ్చిన అవ్వ వీడియో, స్నానానికి వాగుకి వెళ్లిన ఆడవాళ్ల ఫోటో, బయటివాళ్లకి చూపకూడని పూజ, ఇవి లైకుల కోసం పెడుతున్నది బయటివాళ్లు కాదు. ఆ నాలుగు ప్రశ్నలు మనకీ వర్తిస్తాయి. అవ్వని అడిగావా? ఎందుకు పెడుతున్నావు? పెట్టకపోతే జరగదా? రేపు ఆమె తీసేయమంటే తీస్తావా?

మా నాయనమ్మ పేరు ఏ రిజిస్టరులో ఎక్కడ ఉందో నాకు తెలియదు. ఆమె బొటనవేలి ముద్ర ఏదో ఒక పాత కాగితం మీద ఇప్పటికీ ఉండే ఉంటుంది. ఆమెని అడిగి తీసుకున్నది కాదు. తిరిగి అడిగే దారి ఆమెకి లేదు. మీకుంది. రాజ్యాంగం ఇచ్చింది, కోర్టు చెప్పింది, గ్రామసభ మీ ఊళ్లోనే ఉంది. రేపు ఎవరైనా మిషను ముందు పెట్టి వేలు పెట్టమంటే, అవసరమైతే పెట్టండి. పెట్టేముందు తల పైకెత్తి, ‘ఎందుకండీ?’ అని మర్యాదగా ఒక్కసారి అడగండి. నిద్రలో కూడా ‘హాజర్ దొరా’ అన్న మనిషి మనవళ్లు, మనవరాళ్లు ఆ ఒక్క మాట అడిగితే చాలు, ఆమె అడగలేకపోయిన దానికి కొంతైనా బదులు చెల్లినట్టే.